గుంతలో ఉన్నంతవరకే బాధితుడు

మా సూరంపేట మునిసిపాలిటీకి ప్రమాద బాధితుల మీద ప్రేమ లేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. నేను అక్కడ సీనియర్ అసిస్టెంటుని. కమిషనరు గారి ఫైళ్ళన్నీ నా చేతి మీదుగానే కదులుతాయి, కదలకపోయినా నా చేతి మీదుగానే ఆగుతాయి. కాబట్టి జరిగింది జరిగినట్టు చెప్పడానికి నాకన్నా అర్హుడు ఉండడు.

మా కమిషనరు పరాంకుశం గారికి శిక్షణ తరగతులంటే ప్రాణం. ఒకసారి వెళ్ళొచ్చి దోమల మీద పడ్డారు. ఆఫీసులో పూలకుండీలూ మంచినీళ్ళ కూజాలూ అన్నీ బోర్లించేసి, ఆ వేసవంతా మేం దాహంతో దోమల్ని నిర్మూలించాం. ఈసారి వెళ్ళొచ్చింది ప్రమాద బాధితుల హక్కుల మీద శిక్షణకి. రాగానే సిబ్బందిని హాల్లో కూర్చోబెట్టి ప్రసంగించారు.

"ప్రమాదంలో బాధితుడు ఏం కోల్పోతున్నాడు? కాలా, చెయ్యా? అవి అప్రధానం. అతను అవగాహన కోల్పోతున్నాడు. సత్వర చికిత్స అతని హక్కు. తగిన పరిహారం అతని హక్కు. గౌరవం అతని హక్కు. ఈ విషయాన్ని సమగ్ర దృక్పథంతో ప్రజల్లోకి తీసుకెళ్ళాలని ఈ కార్యాలయం సంకల్పించింది."

తీసుకెళ్ళడమంటే బోర్డు పెట్టడం. బాధితుల హక్కులన్నీ రాసిన పెద్ద ఇనుప బోర్డు ఆఫీసు గేటు ముందు నిలబెట్టాలని నిర్ణయం అయింది. బోర్డు స్తంభం కోసం టౌన్ ప్లానింగ్ వాళ్ళు మోకాలి లోతు తవ్వారు. అక్కడ పైపు కారుతోందని నీటి సరఫరా వాళ్ళు దిగి నడుం దాకా తవ్వారు. ఆ నీళ్ళు ఎక్కడికి పోతున్నాయో చూద్దామని డ్రైనేజీ వాళ్ళు దిగి మనిషి మునిగేంత తవ్వారు. చూశాక ముగ్గురూ భోజనానికి వెళ్ళారు. చుట్టూ కంచె కట్టాల్సింది రెండోవాళ్ళని మొదటివాళ్ళూ, మూడోవాళ్ళని రెండోవాళ్ళూ, మొదటివాళ్ళని మూడోవాళ్ళూ అనుకున్నారు. సగం పని కమిషనరు గారి కంటబడకుండా గుంత మీద తాటాకు చాప ఒకటి మాత్రం పరిచారు. అది ఎవరి ఆలోచనో ఈనాటికీ తేలలేదు.

మర్నాడు పొద్దున బోర్డు ప్రారంభోత్సవం. అతిథులకి ఉప్మా పెసరట్లు వెయ్యడానికి పెళ్ళిళ్ళ వంటమాస్టరు అబ్బులుని పిలిచారు. అబ్బులు మా ఊళ్ళో ఏ శుభకార్యానికైనా పొయ్యి దగ్గర నిలబడే మనిషి. గరిటెల సంచి భుజాన వేసుకుని, గేటు ముందు శుభ్రంగా చాప కూడా పరిచారే అని మురిసిపోతూ దాని మీద కాలు పెట్టాడు. చాప, అబ్బులు, గరిటెలు ఒకేసారి లోపలికి వెళ్ళిపోయాయి.

"ఓలమ్మో, నా కాలు ఇరిగిపోయిందండి బాబు" అని లోపల్నించి వినిపించింది.

రిక్షావాళ్ళూ టీ కొట్టువాళ్ళూ తాడు పట్టుకుని పరిగెత్తుకొచ్చారు. ఇంకో నిమిషంలో అబ్బులు బయటపడి ఆస్పత్రికి వెళ్ళిపోయేవాడే. అంతలో కమిషనరు గారు కండువాతో సహా మెట్లు దిగి వచ్చారు. ఆయన ముఖంలో అంత సంతోషం నేను ఆయన ప్రమోషను నాడు కూడా చూడలేదు.

"ఆగండి. ఎవరూ ముట్టుకోకూడదు. ఆయన బాధితుడు" అన్నారు.

వెనకాలే మా న్యాయ సలహాదారు శంభుప్రసాద్ గారు వచ్చారు. ఈయన మునిసిపాలిటీ తరఫున కోర్టులో ఇంతవరకూ ఏ కేసూ ఓడిపోలేదు, ఎందుకంటే ఏ కేసూ విచారణ దాకా రానివ్వలేదు. గుంతలోకి తొంగి చూసి గొంతు సవరించుకున్నారు.

"బాధ్యత నిర్ధారణ అయ్యేంతవరకు ప్రమాద స్థలాన్ని యథాతథ స్థితిలో ఉంచాలి. సదరు స్థితిలో బాధితుడు కూడా అంతర్భాగమే. బాధితుణ్ణి తీసేస్తే అది ప్రమాద స్థలం ఎలా అవుతుంది? ఒట్టి గుంత అవుతుంది. గుంతకి పరిహారం రాదు."

తాడు పట్టుకున్నవాళ్ళకి ఈ మాట సబబుగానే తోచింది. కమిషనరు గారు గుంత అంచున వంగి ఆప్యాయంగా చెప్పారు. "చూడు అబ్బులూ. లోపల ఉన్నంతసేపూ నువ్వు బాధితుడివి. నీకు హక్కులున్నాయి. ఒక్క కాలు బయట పెట్టావంటే రోడ్డు మీద పోయే మనిషివి. ఏం కావాలో నువ్వే తేల్చుకో."

"ఆయ్, పరిహారం వత్తాదంటే ఉంటానండి. మరి కాలండి?" అన్నాడు అబ్బులు.

"దానికీ హక్కుంది" అన్నారు కమిషనరు గారు, డాక్టరుకి కబురు పెట్టమని నాకు సైగ చేస్తూ.

మా డిస్పెన్సరీ డాక్టరు గారు వచ్చి అంచున నిలబడి, టార్చి వేసి చూశారు. చీలమండ దగ్గర ఎముక విరిగిందనీ, ఇవాళో రేపో సరిచేసి కట్టు వెయ్యకపోతే వంకరగా అతుక్కుపోతుందనీ చెప్పారు. సరే దిగండి అన్నాను. ఆయన శంభుప్రసాద్ గారి ముఖం చూశారు. సలహాదారు గారు తల అడ్డంగా ఊపారు. కట్టు వేస్తే వాపు తగ్గుతుంది, వాపు తగ్గితే గాయం తీవ్రత తగ్గినట్టు నమోదవుతుంది, అప్పుడు పరిహారమూ తగ్గుతుంది. బాధితుడి ప్రయోజనాల దృష్ట్యా చికిత్స వాయిదా వెయ్యడమైనది అని నేనే నోట్ రాశాను. నా నోట్లలో అది మంచి నోటని అందరూ అన్నారు.

మధ్యాహ్నానికి అబ్బులు భార్య వీరవేణి అన్నం కేరియరు పట్టుకుని వచ్చింది. గుంత, గుంత చుట్టూ పసుపు రిబ్బను, రిబ్బను పక్కన కాపలా ప్యూను, లోపల మొగుడు. అన్నీ ఒకసారి చూసింది.

"ఏవయ్యా, అక్కడేం చేస్తన్నావు?"

"బాధితుణ్ణి వేణీ. హక్కులొత్తన్నాయి."

"కాలు ఇరిగిందన్నారు."

"ఇరిగింది. పైకి తీస్తే హక్కులు పోతాయంట."

ఆవిడ మా వైపు తిరిగింది. "అయ్యగారూ, ఈ మనిషి రోజంతా పొయ్యి దగ్గర నిలబడితేనే మా ఇంట్లో పొయ్యి ఎలిగేది. కాలు వంకర పోతే నిలబడలేడు. హక్కులు తరవాత సూసుకుందాం గానీ ముందు మనిషిని పైకి తియ్యండి."

శంభుప్రసాద్ గారు జాలిగా నవ్వారు. "అమ్మా, అవగాహనా రాహిత్యం అంటే ఇదే."

ఆ మధ్యాహ్నం నుంచి అబ్బులుకి హక్కులు ఒక్కొక్కటిగా అమలు చేశాం. ఎండ తగలకుండా షామియానా వేశాం, అది గౌరవంగా జీవించే హక్కు. నీళ్ళ కోసం ప్రత్యేకంగా ఏమీ చెయ్యక్కర్లేకపోయింది, కారుతున్న పైపు లోపలే ఉంది. రోజూ ఉదయం మైకు పెట్టి బోర్డు మీది హక్కులన్నీ గుంతలోకి చదివి వినిపించాం, అది సమాచార హక్కు. 'సత్వర చికిత్స' అన్న చోటికి రాగానే అతను మూలిగేవాడు. మిగతా ఏర్పాట్ల గురించి రాయడం మర్యాద కాదు గానీ, పారిశుధ్య విభాగం చాలా సహకరించిందని చెప్పకపోతే అన్యాయం.

పేరు నాలుగూళ్ళకీ పాకింది. పక్క మునిసిపాలిటీల కమిషనర్లు జీపుల్లో వచ్చి మా అబ్బులుని చూసి వెళ్ళారు. ఒకాయనైతే, "మా దగ్గరా గుంతలున్నాయి, కానీ ఇంత క్రమశిక్షణ గల బాధితుడు దొరకట్లేదు" అని వాపోయారు. మా పరాంకుశం గారు ఆయన్ని ఓదార్చారు. హైస్కూలు పిల్లల్ని వరసగా తీసుకొచ్చి చూపించారు. అబ్బులు వాళ్ళకి పులిహోరలో ఇంగువ ఎప్పుడు వెయ్యాలో చెప్పాడు. అతనికి తెలిసింది అదే మరి.

ఇక బాధ్యత నిర్ధారణ. గుంత అంచున బల్లలు వేసి మూడు విభాగాల ఇంజనీర్లనీ కూర్చోబెట్టారు. టౌన్ ప్లానింగ్ ఆయన లేచి, తమ పరిధి మోకాలి లోతు వరకేననీ, మోకాలి లోతు పడితే ఎవరికీ ఎముక విరగదనీ సెలవిచ్చారు. నీటి సరఫరా ఆయన, అబ్బులు తమ పరిధిలోంచి కేవలం ప్రయాణించాడే తప్ప ఎక్కడా ఆగలేదని వాదించారు. డ్రైనేజీ ఆయన ఇంకా తెలివైనవారు. "విరిగిన కాలు మా పరిధిలో ఉందన్నది వాస్తవమే. కానీ విరిగాక వచ్చిందా, వచ్చాక విరిగిందా? విరిగిన కాలుని మా పరిధిలోకి పంపినవారి మీదే మేం ఫిర్యాదు చేయదలిచాం" అన్నారు.

"అబ్బులూ, నువ్వు చెప్పు. ఎక్కడ విరిగింది?" అని కమిషనరు గారు కిందికి అడిగారు.

"సీలమండ దగ్గరండి."

"అది కాదయ్యా. ఏ లోతులో?"

"పడేవాడికి లోతు తెలుత్తాదేటండి?"

దాంతో శాస్త్రీయ పద్ధతిలో తేల్చాలని తీర్మానించారు. అబ్బులు అంత బరువున్న ఇసక బస్తా ఒకటి తెప్పించి, దానికి చెప్పులు కట్టి, పైన మళ్ళీ చాప పరిచి, చాప మీద నిలబెట్టారు. లోపల మనిషి ఉన్నాడని వీరవేణి మొత్తుకుంది. స్థలాన్ని యథాతథంగా ఉంచాలి కదా, మనిషిని తీస్తే ప్రయోగం చెల్లదని శంభుప్రసాద్ గారు చెప్పారు. బస్తా చాపతో సహా వెళ్ళి అబ్బులు రెండో కాలికి జానెడు దూరంలో కూర్చుంది. అతను పెట్టిన కేకకి షామియానా మీది కాకులన్నీ లేచిపోయాయి.

డాక్టరు గారు బస్తాని పైకి తీయించి పరీక్షించారు. బస్తాకి ఎక్కడా ఏమీ విరగలేదు. కాబట్టి లోపం గుంతలో లేదనీ, ఎముకలో ఉందనీ ముగ్గురు ఇంజనీర్లూ ఏకగ్రీవంగా సంతకాలు పెట్టారు. మూడు విభాగాలు ఒక కాగితం మీద సంతకం పెట్టడం నా సర్వీసులో అదే మొదటిసారి. నాకు కళ్ళు చెమర్చాయి.

అక్కడితో అయిపోయేదే. కానీ వీరవేణి ఊరుకునే మనిషి కాదు. కోర్టు దగ్గర ఎవరినో అడిగి వచ్చి, గుంత ఎవరిదైతే వాళ్ళదే బాధ్యతట కదా అని కమిషనరు గారి ముందు నిలబడింది. "ఎముక సంగతి నాకొద్దు అయ్యగారూ. గుంత ఎవరిదో సెప్పండి. అదొక్కటే."

ఆ ప్రశ్న విని ఆఫీసు ఆఫీసంతా ఫైళ్ళలో తలలు దూర్చింది. శంభుప్రసాద్ గారు తలుపు వేసుకుని ఒక పూటంతా ఆలోచించారు. బయటికి వచ్చేసరికి ముఖం వెలిగిపోతోంది.

"గుంత మునిసిపాలిటీది అయితే బాధ్యత మునిసిపాలిటీది. మునిసిపాలిటీకి బాధ్యత ఉండరాదు. కావున గుంత మునిసిపాలిటీది కాదు. మరి ఎవరిది? సదరు గుంతను ఎవరు బహిరంగంగా, నిరాటంకంగా, అధికారుల కళ్ళెదుటే అనుభవిస్తున్నారు? ఎవరికి అక్కడ షామియానా ఉంది, నీటి వసతి ఉంది? అబ్బులుకి. చట్టం దృష్టిలో అబ్బులే యజమాని. తన గుంతలో తాను పడ్డ మనిషికి మునిసిపాలిటీ పరిహారం ఇవ్వనక్కర్లేదు. పైగా రోడ్డు మీద గుంత తెరిచి పెట్టినందుకు అతనికే నోటీసు ఇవ్వాలి."

ఇలాంటి స్వాధీనానికి ఏళ్ళూ పూళ్ళూ పడుతుంది కదా అని నేను సందేహం వెలిబుచ్చాను. ప్రత్యేక కేసుగా పరిగణించి గడువు సడలిస్తున్నట్టు కమిషనరు గారు అక్కడికక్కడే సంతకం పెట్టారు. బాధితుల విషయంలో ఆయన అంత ఉదారులు.

నోటీసు అందుకుని వీరవేణి దాన్ని నా చేత రెండుసార్లు చదివించుకుంది. నాకు భయం వేసింది. తర్వాత నెమ్మదిగా అడిగింది. "అయితే ఈ గుంత మాదేనన్నమాట."

"నిస్సందేహంగా" అన్నారు శంభుప్రసాద్ గారు.

"మరి పట్టా రాసియ్యండి."

ఆయనకి అంతకన్నా కావలసిందేముంది. రేపెప్పుడైనా ఎవరైనా ప్రశ్నిస్తే చూపించడానికి గట్టి ఆధారం. సర్వేయరు గొలుసు పట్టుకొచ్చాడు. తవ్విపోసిన మట్టి కూడా గుంతలో భాగమే కాబట్టి మట్టికుప్ప అంచుల దాకా కొలిచాడు. ఒకవైపు గేటు ఎడమ స్తంభం, ఇంకోవైపు గేటు కుడి స్తంభం హద్దులుగా పడ్డాయి. అబ్బులు పేర పట్టా రాసి, సీలు వేసి ఆవిడ చేతిలో పెట్టాను.

ఆవిడ పట్టా మడిచి జాకెట్లో దోపుకుంది. టీ కొట్టు పక్కనున్న వెదురు నిచ్చెన తెచ్చి లోపలికి దింపింది. ప్యూను అడ్డం వెళ్ళాడు.

"మా స్థలంలోంచి మా ఆయన్ని తీసుకుపోతంటే అడ్డం రాడానికి నువ్వెవడివిరా?" అంది.

ప్యూను శంభుప్రసాద్ గారి వైపు చూశాడు. ఆయన ఆకాశం వైపు చూశారు. రిక్షావాళ్ళు నలుగురు దిగి అబ్బులుని పైకెత్తారు. అతను ఎండలో కళ్ళు చికిలించి, "ఇంక నేను బాధితుణ్ణి కాదాండి?" అని నన్నే అడిగాడు. అతని కాలు గుమ్మడికాయంత అయింది. ఆటోలో పెద్దాస్పత్రికి తీసుకెళ్ళిపోయారు.

మర్నాడు ఆఫీసుకి వెళ్ళేసరికి గేటు ముందు, స్తంభం నుంచి స్తంభానికి, తాటి కమ్మల దడి కట్టి ఉంది. దడి మీద చీరలు ఆరేసి ఉన్నాయి. కమిషనరు గారి జీపు హారను కొడుతూ నిలబడింది. వీరవేణి స్టూలు వేసుకుని బియ్యం ఏరుకుంటోంది.

"దడి తియ్యమ్మా" అన్నారు కమిషనరు గారు.

"మా స్థలమండి. మీరే ఇచ్చారు."

వెనక గోడకి నిచ్చెన వేశాం. అంతా అలాగే ఎక్కి దిగడం మొదలుపెట్టాం. మొదటిరోజే అకౌంట్స్ ఆఫీసరు గారు గోడ మీద సగంలో ఇరుక్కుపోయి, అక్కడే కూర్చుని సంతకాలు చేశారు. చెత్త బళ్ళు బయటికి పోలేక లోపలే ఆగిపోయాయి, ఆ వాసనకి మేం ముక్కులకి గుడ్డలు కట్టుకున్నాం. పట్టా రద్దు చెయ్యమని కమిషనరు గారు అరిచారు. రద్దు చేస్తే గుంత మనదవుతుందనీ, మనదైతే బాధ్యతా మనదేననీ శంభుప్రసాద్ గారు ముక్కుగుడ్డలోంచి వివరించారు. మిగిలింది ఒకటే దారి. ప్రజా ప్రయోజనార్థం ఆ స్థలాన్ని అబ్బులు దగ్గర్నించి సేకరించాలి. స్థల యజమానికి చట్టప్రకారం పరిహారం ఇవ్వాలి.

యజమాని అభ్యంతరాలు వినడానికి సమావేశం పెట్టాం. అబ్బులు కట్టుతో, కర్ర ఊతంతో వచ్చాడు. కమిషనరు గారు లేచి నిలబడ్డారు. "రండి అబ్బులు గారూ. కుర్చీ వెయ్యండయ్యా" అన్నారు. నేనే వేశాను. టీ వచ్చింది, బిస్కట్లు వచ్చాయి. ఆయనకి ఏమైనా అభ్యంతరాలున్నాయా, స్థలం విలువ సబబుగా ఉందా అని శంభుప్రసాద్ గారు ఎంతో వినయంగా అడిగారు. గుంతలో పడి మూలుగుతున్నప్పుడు ఇదే మనిషిని ఎవరం గారూ అనలేదు. నాకు మొదటిసారి ఒళ్ళు సిగ్గుతో వేడెక్కింది.

"స్థలం సంగతి బానే ఉందండి. కాలు సంగతేటండి?" అన్నాడు అబ్బులు. "వంకరగా అతికేసిందంటన్నారు పెద్దాస్పత్రిలో. ఆలీసమైపోయిందంట. పొయ్యి దగ్గర నిలబడలేనండి ఇంక."

"ఈ సమావేశం పరిధిలోకి కాలు రాదు" అన్నారు శంభుప్రసాద్ గారు.

అబ్బులు కర్ర పక్కన పెట్టాడు. తర్వాత రెండు చేతులతో ఆ కాలుని ఎత్తి, జాగ్రత్తగా, బల్ల మీద బిస్కట్ల ప్లేటు పక్కన పెట్టాడు. కట్టు కింద పాదం పక్కకి తిరిగి ఉంది, నేరుగా కమిషనరు గారి వైపు చూస్తోంది. ఎవరూ టీ తాగలేదు.

"ఇప్పుడొచ్చిందిగా" అంది వీరవేణి. "ముందు కాలు రాయండి. నిలబడలేని మనిషికి బతుకంతా జరిగేలాగ రాయండి. అది రాశాక గేటుకి సంతకం పెడతాం."

కమిషనరు గారు కిటికీలోంచి వెనక గోడ వైపు చూశారు. ఎవరో నిచ్చెన మీంచి జారి కేక పెట్టారు. ఆయన నా వైపు తిరిగి, "రాయవయ్యా" అన్నారు.

రాశాను. పడ్డ రోజు నుంచీ అతనికి రావలసిందంతా, నొప్పికీ, పోయిన పనికీ, ఇక ముందు పొయ్యి దగ్గర కూర్చుని వండుకోవలసిన బతుక్కీ కలిపి, చట్టంలో ఉన్నది ఉన్నట్టు రాశాను. అంతా ముందు నుంచీ చట్టంలో ఉన్నదే. రాయడానికి అరగంట కూడా పట్టలేదు. వాళ్ళిద్దరూ సంతకాలు పెట్టి, దడి విప్పుకుని, చీరలు మడుచుకుని వెళ్ళిపోయారు. పై వారం మా మునిసిపాలిటీ బాధితుల సంక్షేమంలో జిల్లాలోనే ప్రథమంగా నిలిచింది. కమిషనరు గారు శాలువా కప్పించుకున్నారు.

మొన్న ఒకావిడ వచ్చింది, చేతికి గుడ్డ కట్టుకుని. మా చెత్త ట్రాక్టరు గుద్దేసిందట. బాధితులకి ఇక్కడ న్యాయం జరుగుతుందని విని నాలుగు మైళ్ళు నడిచొచ్చానంది. కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చి, అటూ ఇటూ చూసి, మెల్లిగా అడిగాను.

"అమ్మా, ఆఫీసుకి అడ్డంగా ఎక్కడైనా పడ్డారా?"

"లేదండి. మా ఈదిలో, మా గుమ్మం ముందరే పడ్డానండి."

అయ్యో అన్నాను. నిజంగానే బాధ వేసింది.